వాడక్కడ ఒక్కడే ఉన్నాడు కదా అయ్యగారూ

ఇది కొడుకు ఆత్మహత్య చేసుకున్న ఒక తల్లి కేసు. ముందే చెప్పేస్తున్నా, ఇందులో నా తప్పు కూడా ఉంది, దాన్ని దాచి రాస్తే ఈ రాతకు అర్థం లేదు. నేను డాక్టర్ని కాదు. పల్నాడు వైపు ఒక చిన్న సంఘానికి పాస్టర్ని, కౌన్సెలింగ్‌లో కొంత ట్రైనింగ్ తీసుకున్నాను, పదేళ్లుగా ఇలాంటి ఇళ్లకు వెళ్తున్నాను. ఊరూ, వయసులూ, గుర్తుపట్టే వివరాలూ మార్చాను. ఆ తల్లికి ఇదంతా చదివి వినిపించాను. రెండు చోట్ల "అలా కాదు" అంది, అక్కడ దిద్దాను. ఆమెను ఇందులో అక్క అనే రాస్తాను, నేను పిలిచేదీ అలాగే.

అక్కకు ఇద్దరు పిల్లలు. కొడుకు ఇంజినీరింగ్, కూతురు విజయవాడలో నర్సింగ్. భర్త కౌలుకు మిరప వేస్తాడు. కొడుకు మూడో సంవత్సరంలో ఉండగా ఆత్మహత్య చేసుకున్నాడు. ఎలా అన్నది రాయను, అది ఎవరికీ అక్కర్లేదు. ఎందుకు అన్నదానికి ఊళ్లో నాలుగు కథలు తిరిగాయి: బ్యాక్‌లాగ్స్ అన్నారు, ఎవరో అమ్మాయి అన్నారు, లోన్ యాప్ అన్నారు, తండ్రి కొట్టాడన్నారు. అన్నిటిలోనూ కాస్త కాస్త నిజం ఉండి ఉంటుంది. ఒకే ఒక్క కారణంతో చనిపోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు, కానీ బతికున్నవాళ్లకు ఒక్క కారణమే కావాలి, లేకపోతే నిద్ర పట్టదు.

భూస్థాపన నేనే చేశాను. కొన్ని ఊళ్లలో ఇలా పోయినవాళ్లను సమాధుల తోటలో ఓ మూలకు పెట్టమంటారు, పాట వద్దంటారు. మా పెద్దలు అంత దూరం వెళ్లలేదు, తాత సమాధి పక్కనే పెట్టాం.

తప్పు జరిగింది ఆదరణ కూడిక రోజు, అంటే పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ప్రార్థన రోజు. బంధువులు బయటినుంచి ఒక పేరున్న ప్రసంగీకుణ్ని పిలిచారు. షామియానా, మైకు, రెండు వందల మంది. ఆయన మొదటి కొరింథీ పత్రిక మూడో అధ్యాయం తీసి, "ఎవడైనను దేవుని ఆలయమును పాడుచేసినయెడల దేవుడు వానిని పాడుచేయును" అని చదివి, ఈ పిల్లవాడు నశించాడు, ఇక ప్రార్థించీ లాభం లేదు, కూర్చున్న మీరైనా బుద్ధి తెచ్చుకోండి అన్నాడు. ఆదరణ కూడికలో! తల్లి ముందు చాప మీద కూర్చుని ఉంది. నేను ఆయన పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, తల వంచుకుని, బైబిల్ పేజీలు తిప్పుతూ ఉన్నాను. ఆ వాక్యం సందర్భం అది కాదని నాకు తెలుసు. అక్కడ పౌలు "మీరు దేవుని ఆలయము" అంటున్నది ఒక్కో మనిషి ఒంటిని కాదు, సంఘం మొత్తాన్ని, నేను పౌలువాణ్ని, నేను అపొల్లోవాణ్ని అని ముక్కలైపోతున్న కొరింథు సంఘాన్ని పాడుచేసేవాళ్ల గురించి ఆ మాట. సంఘాలు చీల్చేవాళ్లకు చెప్పిన వాక్యాన్ని కొడుకు పోయిన తల్లి మీద విసిరాడు. నేను లేవలేదు. చివర్లో ఆశీర్వాదం చెప్పమంటే లేచి చెప్పాను.

మూడు నెలలు గడిచాయి. అక్క గుడికి వస్తూనే ఉంది, కాకపోతే ముందు చాప వదిలేసి వెనక గుమ్మం దగ్గరకు మారింది. పాట పాడటం మానేసింది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. వరసగా రెండు నెలలు ఆమె బల్ల తీసుకోలేదు, రొట్టె పళ్లెం దగ్గరకొస్తే పక్కామెకు జరిపేసింది. మా ఆవిడ గమనించి చెప్పింది, నేనైతే గమనించలేదు. ఆ సాయంత్రమే ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం.

ఆ రోజు జరిగింది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే పాస్టర్లు ఇక్కడే తడబడతారు. టీ ఇచ్చింది. మనిషి సగం అయిపోయింది. నిద్ర లేదు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటోంది, అన్నం సహించడం లేదు. బల్ల ఎందుకు తీసుకోవడం లేదని నేనడగలేదు, "ముందు చాప మీద ఇప్పుడు కూర్చోవట్లేదేం అక్కా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది:

"వాడక్కడ ఒక్కడే ఉన్నాడు కదా అయ్యగారూ. వాడికి చీకటంటే భయం. ఇంటర్ దాకా లైటు వేసుకునే పడుకునేవాడు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు జలదరించింది. ఆమె లెక్క సూటిగా ఉంది. కొడుకు నరకంలో ఉన్నాడని మైకులో చెప్పారు. అక్కడికి వెళ్లే దారి ఏమిటో కూడా మైకులోనే చెప్పారు. తల్లి అన్నాక బిడ్డ ఎక్కడుంటే అక్కడికి వెళ్తుంది. పరలోకానికి పోయే బల్ల తనకెందుకని పళ్లెం పక్కకు జరిపేసింది.

అడిగేశాను. "అక్కా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని, అదే మాటతో. చుట్టూ తిప్పి "అలాంటి ఆలోచనలేమైనా" అని నసిగితే ఆమె కూడా నసుగుతుంది. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమో అని చాలామందికి భయం, నాకూ ఉండేది. అలా జరగదు. అడిగినప్పుడు ఎక్కువమంది ముఖంలో కనబడేది, హమ్మయ్య, ఒకరు అడిగారు అన్న తేలిక. ఆమె తల ఊపింది. ఎలా అన్నది ఆలోచించారా, ఎప్పుడన్నది అనుకున్నారా అని కూడా అడిగాను. అనుకుంది. కొడుకు పుట్టినరోజు. అప్పటికి పద్దెనిమిది రోజులుంది. తేదీ అనుకుని ఉన్న మనిషిని ప్రార్థన చేసి వదిలేసి రాకూడదు, అది నేను నేర్చుకున్న మొదటి పాఠం.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పాస్టర్‌కు చెప్పింది పాస్టర్ దగ్గరే ఉండాలి అని మన దగ్గర నమ్మకం. నేను అక్కడే చెప్పేశాను, "అక్కా, ఈ ఒక్కటి నా దగ్గర దాచను, బావగారికీ మీ తమ్ముడికీ ఇప్పుడే చెప్తున్నా, మీ ఎదురుగానే." కోప్పడింది. కోప్పడనిచ్చాను. ఆ రాత్రే ఇంట్లో ఉన్న పురుగుమందులన్నీ తమ్ముడి ఇంటికి తరలించి తాళం వేయించాం. భర్త "పొలం పనులాగిపోతాయి" అని గొణిగాడు, కావలసిన రోజు వెళ్లి తెచ్చుకోమన్నాం. టెలీ మానస్ 14416కి మా ఆవిడ ఫోన్‌నుంచి చేశాం, తెలుగులోనే మాట్లాడారు, అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత లైన్, రాత్రీ పగలూ ఉంటుంది. మర్నాడు గుంటూరులో సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లాం. వాళ్ల తమ్ముడికి ఒకటే టెన్షన్, డాక్టరుకు చెబితే పోలీసు కేసవుతుందేమో అని. ఆలోచనలున్నాయని చెబితే కేసేమీ ఉండదని చెప్పాను. ప్రయత్నం చేసినవాళ్లను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ చెప్తోంది. ఆత్మహత్యాయత్నం నేరమన్న వెనకటి శిక్షా స్మృతి 309 సెక్షన్, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు.

డాక్టరు తీవ్రమైన డిప్రెషన్ అన్నారు, మాత్రలు రాశారు, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ అంతవరకు ఒంటరిగా వదలొద్దనీ చెప్పారు. ఆ కొన్ని వారాలే మా సంఘం పని.

మన పల్లెల్లో చావు ఇంటికి బంధువులు నిద్రకు వెళ్తారు కదా, అది ఎంత తెలివైన ఆచారమో నాకు అప్పుడే తెలిసింది. కాకపోతే పదకొండో రోజు తర్వాత అందరూ వెళ్లిపోతారు, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. స్త్రీల సమాజంలో ఏడుగురు వంతులేసుకుని రోజుకొకరు అక్కింటికి నిద్రకు వెళ్లారు. వాళ్లకు నేను చెప్పింది మూడే మాటలు: ప్రసంగాలు వద్దు, "ఇంకో పిల్ల ఉంది కదా" అనొద్దు, తినిపించండి. రెండో మాట ఎవరూ పాటించలేదనుకోండి. ఒకామె మొదటి రాత్రే "ఆ పిల్ల ముఖం చూసైనా" అని మొదలెట్టింది, అక్క రెండు రోజులు కూతురి ఫోన్ ఎత్తలేదు. నేను తల్లిగా దేనికీ పనికిరాను అన్న మాట ఆమెకు అందులో వినబడింది.

విశ్వాసముంటే మాత్రలెందుకు అని అడిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఏలీయా ప్రవక్త కథే చెప్పాను. కర్మెలు కొండ మీద అగ్ని దింపినవాడు, కొద్ది రోజులకే బదరీ వృక్షం కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు, విశ్వాసం ఎక్కడికిపోయిందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూతతో రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము" అని దూతే ఒప్పుకున్నాడు. మోషే, యోబు, యిర్మీయా, యోనా అందరూ ఏదో ఒక రోజు చావు కోరుకున్నవాళ్లే, వాళ్ల మాటలు చెరిపేయకుండా బైబిల్లోనే ఉంచారు. మన సంఘాల్లో అలాంటి మాట సాక్ష్యంలో చెబితే మైకు లాగేసుకుంటాం.

ఇక అక్క అసలు ప్రశ్న. కొడుకు ఎక్కడున్నాడు?

నేను "పరలోకంలో ఉన్నాడు, బెంగపడకండి" అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది. అది కూడా ఆ ప్రసంగీకుడు చేసిన పనే అవుతుంది, తీర్పు పీఠం ఎక్కి కూర్చోవడం, కాకపోతే మంచి తీర్పు చెప్పడం. బైబిల్లో తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లను ఆమెతో కలిసి ఒక్కొక్కరినే చదివాను, నాలుగైదు వారాలు పట్టింది. సౌలు రాజు పోయాక యాబేష్గిలాదు ఊరివాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి శవాలు తెచ్చి, ఎముకలు పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసమున్నారు. దావీదు ఆయన కోసం విలాపగీతం పాడాడు, తనను చంపాలని తరిమినవాడి కోసం. దావీదు సలహాదారు అహీతోపెలును తండ్రి సమాధిలోనే పెట్టారు. శత్రువులతో పాటు తన మీదా గుడి కూల్చుకున్న సమ్సోను చావు వేరే రకం అనేవాళ్లున్నారు, ఉండనివ్వండి, ఆయన పేరు హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో విశ్వాసుల వరసలో ఉంది. యూదా సంగతి ఆమే అడిగింది. యూదా గురించి ప్రభువు "అయ్యో" అన్నది అతను తనను శత్రువులకు అప్పగించినందుకు, అదీ అతను చనిపోకముందే అన్నాడు అని చూపించాను. నరహత్య చేయకూడదు అన్న ఆజ్ఞ నిజం, నీ ప్రాణం నీది కాదన్నది నిజం, దాన్ని నేను సడలించలేదు. కానీ ఈ ఒక్క పని చేసినవాడికి క్షమాపణ లేదు అని లేఖనంలో ఎక్కడా నాకు దొరకలేదు. దొరికిందని చెప్పేవాళ్లు చూపించేది ఆ కొరింథీ వాక్యమే.

మా సంఘపెద్దలు ఊరుకోలేదు. "అయ్యగారూ, మీరిలా చెబితే పిల్లలకు భయం పోతుంది" అన్నారు. న్యాయమైన భయమే, కొట్టిపారేయలేదు. 2022లో దేశం మొత్తం మీద 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు, అందులో 13 వేల మందికి పైగా విద్యార్థులు, ఇవి ప్రభుత్వ లెక్కలే. యూత్ మీటింగ్‌లో నోటికొచ్చినట్టు మాట్లాడకూడదు, చనిపోయినవాణ్ని హీరోని చేయకూడదు, అది ఒప్పుకుంటాను. అయితే ఆ సమయానికి నాకు తెలిసిన ఒక విషయం వాళ్లకు తెలియదు. అక్క కొడుకు స్నేహితుడొకడు నా దగ్గరకొచ్చి చెప్పాడు, చనిపోవడానికి నెల ముందు వాడు ఇతన్ని అడిగాడట, "ఇలాంటి ఆలోచన వచ్చినా నరకమేనా, వచ్చిందంటే అప్పటికే పోయినట్టేనా" అని. ఆ వారంలోనే అక్క కొడుకు రెండుసార్లు మా ఇంటికొచ్చాడు. ఒకసారి గిటారు తీగలున్నాయా అని, ఇంకోసారి ఊరికే. కూర్చున్నాడు, మజ్జిగ తాగాడు, వెళ్లిపోయాడు. సండే స్కూల్లో నరకం పాఠం వాడికి నేనే చెప్పాను. భయం వాణ్ని ఆపలేదు, నాకు చెప్పుకోకుండా మాత్రం ఆపింది.

పెద్దల కోసమనే పాత పుస్తకాలు తిరగేశాను, అందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. క్రైస్తవంలో ఆత్మహత్య పాపం అని మొదట గట్టిగా వాదించింది ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్. ఎప్పుడంటే, 410లో గోత్ జాతి సైన్యం రోమ్ మీద పడి దోచుకున్నాక. ఆ దాడిలో చెరచబడిన స్త్రీలు కొందరు ప్రాణం తీసుకున్నారు, బతికున్నవాళ్లను లోకం సిగ్గులేనివాళ్లన్నట్టు చూసింది. అగస్టీన్ వాళ్ల పక్షాన రాశాడు: నీ మీద ఇంకొకడు చేసిన పాపం నీది కాదు, నువ్వు చావనక్కర్లేదు, నీ బతుకు పవిత్రంగానే ఉంది. అంటే ఈ బోధ బతికున్నవాళ్లకు నీడగా మొదలైంది! తర్వాత వందేళ్లు దాటి, 561లో పోర్చుగల్ వైపు బ్రాగాలో బిషప్పుల సభ ఇలా పోయినవాళ్లకు కీర్తనలూ ప్రార్థనలూ వద్దని తీర్మానించింది, నీడ కాస్తా శిక్షగా మారింది, అదీ శవానికి శిక్ష. 1532లో ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన లూథర్ ఒక మాట అన్నాడు, ఇలాంటివాళ్లందరూ తప్పక నశించారని తాను అనుకోననీ, అడవిలో దొంగల చేతికి చిక్కి హతమైనవాడి లాంటివాళ్లనీ, అయితే సామాన్యులకు ఇది బోధించకూడదనీ. మా పెద్దల భయం లూథర్‌కూ ఉంది. క్యాథలిక్కులు 1917 సంఘ చట్టంలో తెలిసి చేసుకున్నవాళ్లకు సంఘ భూస్థాపన లేదన్నారు, 1983 చట్టంలో ఆ నిషేధం తీసేశారు. 1992లో వచ్చిన వాళ్ల ధర్మోపదేశ గ్రంథం తీవ్రమైన మానసిక బాధ, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయనీ, వాళ్ల రక్షణ గురించి ఆశ వదులుకోకూడదనీ, వాళ్ల కోసం ప్రార్థిస్తామనీ రాసుకుంది. పాపం కాదని మాత్రం అనలేదు, నేనూ అనను.

పెద్దల్లో ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఆదివారం నాకు షేక్ హ్యాండ్ ఇచ్చి "మీ మంచితనం సంఘానికి చేటు" అంటాడు.

ఇంతా చేసి, అక్కను తిప్పింది నా చదువు కాదు. నిద్రకు వెళ్లేవాళ్లలో ఒక ముసలామె ఉంది, చదువు రాదు, కీర్తనలు మాత్రం సగం నోటికొచ్చు. కొడుకు పుట్టినరోజు తేదీకి ముందు రాత్రి ఆమె వంతు. (ఆ రాత్రికి నేను కావాలని ఇద్దర్ని పెట్టాను, రెండో ఆమె గురక పెట్టి నిద్రపోయిందట.) కరెంటు పోయింది. చీకట్లో అక్క మళ్లీ ఆ మాటే అంది, వాడక్కడ ఒక్కడే ఉన్నాడని. ముసలామె ఏమీ వాదించలేదు. 139వ కీర్తన మొదలెట్టింది. "నేను ఆకాశమునకెక్కినను నీవు అక్కడను ఉన్నావు, నేను పాతాళమందు పండుకొనినను నీవు అక్కడను ఉన్నావు." చీకటి మాట వచ్చేదాకా చెప్పుకుంటూ పోయింది, "చీకటియు వెలుగును నీకు ఏకరీతిగా ఉన్నవి." అక్క ఆపి, మొదటిది మళ్లీ చెప్పు పెద్దమ్మా అందట. పాతాళంలోనా అని అడిగిందట. అవునే, పాతాళంలోనే, అక్కడ కూడా ఆయనే అందట. తెల్లారేసరికి ఎన్నిసార్లు చెప్పించుకుందో ఇద్దరికీ లెక్క లేదు.

ఆ కీర్తన మీద నేను కనీసం పదిసార్లు ప్రసంగించి ఉంటాను. గర్భంలో నన్ను నిర్మించావు అన్న చోటు పట్టుకుని ప్రాణం విలువ గురించి చెప్పేవాణ్ని, పైన ఈ మాట ఉందని నాకు తట్టలేదు. జీవితం ఎంతో విలువైనది, వృథా చేసుకోవద్దు అని పోస్టర్లేస్తాం కదా, కుంగిపోయిన మనిషికి అది నువ్వు ఖరీదైన వస్తువు పగలగొట్టావు అన్నట్టు వినబడుతుంది. విలువ ఉందని ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది ఆ ఏడుగురి చాపలు, ఆ పప్పుచారు క్యారేజీలు. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు తనను తాను చంపుకోబోయి కత్తి దూసినప్పుడు పౌలు అతనికి ఆత్మహత్య పాపమని చెప్పలేదు, "నీవు ఏ హానియు చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నాము" అని అరిచాడు. ఆ వాక్యంలో ఉపదేశం సగమే, మిగతా సగం హాజరు పట్టీ.

పుట్టినరోజు దాటింది. కోలుకోవడం మాత్రం సాఫీగా జరగలేదు. ఆరో వారంలో కాస్త తేలికపడగానే, ఉపవాస ప్రార్థనకు వెళ్లిన చోట ఎవరో చెప్పారని అక్క మాత్రలు మానేసింది, పది రోజులకు మళ్లీ రాత్రి రెండింటికి లేచి కూర్చుంది. ఈసారి తనే మా ఆవిడకు ఫోన్ చేసింది, అదే తేడా. మళ్లీ గుంటూరు, మళ్లీ మాత్రలు. భర్తను నేను పట్టించుకోవడం ఆలస్యమైంది. ఆయన ఏడవలేదు, పొలంలోనే ఉండిపోయాడు, అందరం తల్లి చుట్టూనే తిరిగాం. ఓ రోజు చేలో గట్టు మీద కూర్చుని "ఆ రోజు నేను వాణ్ని నిజంగానే కొట్టాను అయ్యగారూ" అన్నాడు. ఆయన కేసు వేరేగా నడుస్తోంది, ఇక్కడ రాయను.

ఆదరణ కూడికలో నేను ఊరుకున్న సంగతి ఏడాది జ్ఞాపకార్థ కూడికలో, అదే షామియానా కింద చెప్పాను. ఆ వాక్యం సందర్భం వివరించి, ఆ రోజు లేచి చెప్పాల్సింది, చెప్పలేదు, క్షమించండి అక్కా అన్నాను. ఆమె తల ఎత్తలేదు. ఆ తర్వాతి నెల బల్ల తీసుకుంది, గుమ్మం దగ్గర కూర్చునే. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉందో లేదో నేనడగలేదు.

ఇప్పుడు రెండున్నరేళ్లు. మాత్రలు డాక్టరు తగ్గించుకుంటూ వస్తున్నారు. కొడుకు తోటివాళ్ల పెళ్లిపత్రిక ఇంటికొచ్చిన రోజు ఇప్పటికీ కష్టమే, ఆ రోజు ముసలామె నిద్రకు వెళ్తుంది. మొన్న ఈస్టర్‌కు ముందు సమాధికి రాయి వేయించారు. తెల్లవారుజామున ఆరాధనకు అందరం కొవ్వొత్తులతో తోటకు వెళ్లేసరికి అక్క ఆ రాయి ముందు నిలబడి మేస్త్రీని ఫోన్లో తిడుతోంది. కొడుకు పేరులో దీర్ఘం వదిలేశాడట. ఇరవై ఏళ్లు పిలిచిన పేరు, నా బిడ్డ పేరు సరిగ్గా చెక్కడం చేతకాదా నీకు అని అరగంట తిట్టింది, పాట మొదలుపెట్టాల్సిన నేను పుస్తకం పట్టుకుని నిలబడే ఉన్నాను.